కరెంటు పోయొచ్చాక కంప్యూటర్ ఆన్ అవ్వకపోతే, అది ఎక్కడ ఆగిందో ముందు చూడాలి

కరెంటు ఠపీమని పోయింది, పావుగంటకో గంటకో మళ్ళీ వచ్చింది, బటన్ నొక్కితే కంప్యూటర్ ఆన్ అవ్వట్లేదు. ఈ మాట అనగానే పక్కన ఎవరో ఒకరు మదర్‌బోర్డు పోయుంటుంది అనేస్తారు, ఇంకొకరు ఎస్‌ఎంపీఎస్, అంటే లోపల అన్నిటికీ కరెంటు అందించే డబ్బా, మార్చేయ్ అంటారు, మూడోవాళ్ళు విండోస్ కరప్ట్ అయింది, ఫార్మాట్ కొట్టేస్తే సరి అంటారు. బటన్ నొక్కినప్పుడు ఏం కనపడింది, ఏం వినపడింది అని మాత్రం ముగ్గురిలో ఒక్కరూ అడగరు. నిజానికి ఆన్ అవ్వట్లేదు అనే మాట వెనకాల కనీసం నాలుగు వేరే వేరే కంప్లయింట్లు ఉంటాయి, అసలు లైటే వెలగకపోవడం ఒకటి, వెలిగి ఒక్క సెకనులో ఆరిపోవడం ఇంకోటి, ఫ్యాన్లు తిరుగుతూ స్క్రీన్ నల్లగా ఉండిపోవడం మూడోది, లోగో దాకా వచ్చి ఆగడమో నీలం స్క్రీన్ రావడమో నాలుగోది. ఎక్కడ ఆగిందో తెలిస్తే సగం జవాబు దొరికినట్టే. అది చూడకుండా ఒక్కో పార్టూ మార్చుకుంటూ పోతే చివరికి సిస్టమ్ బాగవ్వొచ్చు గానీ ఏది పోయిందో ఎవరికీ తెలీదు, బాగున్న పార్టులు కూడా చెత్తబుట్టలోకి పోతాయి.

అసలు కరెంటు పోయిన క్షణంలో లోపల ఏం జరుగుతుందంటే, ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటుని కాసేపు చార్జిగా దాచుకునే ఒక పెద్ద కెపాసిటర్ ఉంటుంది, దాంట్లో ఉన్న చార్జితో బయట కరెంటు పోయినా ఫుల్ లోడ్ మీద ఒక 16, 17 మిల్లీసెకన్ల పాటు ఎస్‌ఎంపీఎస్ బండి లాగగలదు, అంటే 50 హెర్ట్జ్ కరెంటులో ఒక్క సైకిల్ టైమ్ కూడా కాదు. ఆ చార్జి అడుగంటుతోంది అనగానే ఎస్‌ఎంపీఎస్ బూడిదరంగు వైరు మీద మదర్‌బోర్డుకి ఇస్తున్న సిగ్నల్ ఆపేస్తుంది, పవర్ ఇక బాలేదు ఆగిపో అని చెప్పడం అన్నమాట, బోర్డు వెంటనే ప్రాసెసర్ని రీసెట్‌లో పెట్టేస్తుంది. అంటే కరెంటు పోవడాన్ని కంప్యూటర్ మరీ నిద్రలో గొంతు పిసికినట్టు ఎదుర్కోదు, హార్డ్‌వేర్ వరకు దానికో పద్ధతి ఉంది. దెబ్బ తగిలేది ఎక్కువగా డిస్కులో సగం రాసిన డేటాకి, ఇంకా చెప్పాలంటే కరెంటు మళ్ళీ వచ్చేటప్పుడు.

వచ్చేటప్పుడు ఎందుకంటే, లైన్ మీదున్న మోటార్లు, ఫ్రిజ్‌లు, ఏసీలు అన్నీ ఒక్కసారే లాగుతాయి, ఓల్టేజి పడుతుంది, లేస్తుంది, కొన్నిసార్లు రెండు మూడుసార్లు వచ్చి పోయి వచ్చి పోయి అప్పుడు నిలబడుతుంది. ఖాళీ కెపాసిటర్ ఒక్క గుక్కలో నిండాలని చూస్తుంది కాబట్టి ఆ మొదటి క్షణంలో కరెంటు చాలా ఎక్కువ లాగుతుంది, దాన్ని అదుపు చెయ్యడానికి ఎస్‌ఎంపీఎస్‌లో ఒక చిన్న థర్మిస్టర్ పెడతారు, అది చల్లగా ఉన్నప్పుడు అడ్డుపడుతుంది, వేడెక్కాక దారి వదిలేస్తుంది. కరెంటు పోయి అయిదు సెకన్లకే వచ్చిందనుకోండి, ఆ థర్మిస్టర్ ఇంకా వేడిగానే ఉంటుంది, అడ్డుపడదు, దెబ్బ నేరుగా లోపలికి తగులుతుంది. అందుకే గంట సేపు పోయిన కరెంటు కన్నా టపటపా కొట్టుకున్న కరెంటే ప్రమాదం, కరెంటు పోగానే వెళ్ళి ప్లగ్ పీకేసేవాళ్ళది చాదస్తం ఏమీ కాదు.

ఇంకో సంగతి ఉంది, ఇది చాలామందికి తట్టదు. ఏళ్ళ తరబడి రాత్రింబవళ్ళు ఆన్‌లోనే ఉంచిన సిస్టమ్ కరెంటు పోయాక లేవకపోతే అందరూ కరెంటుని తిడతారు, కానీ అది అప్పటికే లోపల అరిగిపోయి ఉంటుంది. కెపాసిటర్లలో ఉండే ద్రవం వేడికి నెమ్మదిగా ఆరిపోతుంది, వేడిగా తిరుగుతున్నంత సేపు ఎలాగోలా నెట్టుకొస్తాయి, ఒకసారి ఆగి చల్లబడ్డాక మళ్ళీ మొదలుపెట్టే శక్తి వాటికి ఉండదు. ముసలాయన నడుస్తున్నంత సేపు నడుస్తాడు, ఒకసారి అరుగు మీద కూర్చున్నాక లేవడమే కష్టం, అలాగే. మూత తీసి చూస్తే కొన్నిసార్లు బోర్డు మీద కెపాసిటర్ల పైభాగం చదునుగా ఉండకుండా ఉబ్బి కనపడుతుంది, లేదా గోధుమరంగు జిగురు లాంటిది కారి ఉంటుంది. 2000 తర్వాత కొన్నేళ్ళ పాటు నాసిరకం కెపాసిటర్ల వల్ల లెక్కలేనన్ని బోర్డులు ఇలాగే పోయాయి, ఇప్పుడు ఆ ద్రవం లేని సాలిడ్ కెపాసిటర్లు వచ్చాక బోర్డుల్లో తగ్గింది గానీ ఎస్‌ఎంపీఎస్‌ల లోపల ఆ పాత రకమే ఇంకా ఉంటుంది.

సరే, మొదటి కంప్లయింట్, ఏ లైటూ లేదు, ఏ చప్పుడూ లేదు. ఇక్కడ సిగ్గుపడకుండా అన్నిటికన్నా చిన్న విషయాల నుంచే మొదలుపెట్టాలి. ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో ఫ్యూజ్ ఎగిరిందా, దాని స్విచ్ ట్రిప్ అయిందా, అదే ప్లగ్‌లో ఫోన్ చార్జర్ పెడితే పని చేస్తోందా, డబ్బా వెనకాల ఎస్‌ఎంపీఎస్ మీదుండే చిన్న స్విచ్ ఎవరైనా నొక్కేశారా, పవర్ కేబుల్ వదులైందా. కేబుల్‌ని మానిటర్ కేబుల్‌తో మార్చి చూడొచ్చు, చాలావరకు రెండూ ఒకే రకం. ఇవన్నీ బాగుంటే ప్లగ్ పూర్తిగా పీకేసి, పవర్ బటన్ ఓ అరనిమిషం నొక్కి పట్టుకుని, అయిదు పది నిమిషాలు అలా వదిలేసి, మళ్ళీ నేరుగా గోడ ప్లగ్‌లో పెట్టి చూడాలి. ఇది మంత్రం లాగా అనిపిస్తుంది గానీ దీనికి కారణం ఉంది. ఎస్‌ఎంపీఎస్‌లో ఓల్టేజి పెరిగినా పడినా, షార్ట్ అయినా తనని తాను ఆపేసుకునే ప్రొటెక్షన్ ఉంటుంది, ఒకసారి ఆపుకున్నాక చాలా వాటిల్లో అది తాళం వేసుకున్నట్టు ఉండిపోతుంది, లోపలి చార్జి అంతా పోయి కొత్తగా కరెంటు తగిలితే గానీ ఆ తాళం ఊడదు. పైగా సిస్టమ్ ఆఫ్‌లో ఉన్నా ప్లగ్ పెట్టి ఉన్నంత సేపు 5 ఓల్టుల స్టాండ్‌బై కరెంటు బోర్డుకి అందుతూనే ఉంటుంది, బటన్ నొక్కితే కనిపెట్టే చిన్న చిప్పులు దాని మీదే బతుకుతాయి, కొట్టుకున్న కరెంటుకి అవి హ్యాంగ్ అయితే బటన్ ఎన్నిసార్లు నొక్కినా వాటికి వినపడదు. ప్లగ్ పీకి చార్జి వదిలించడం అంటే వాటిని రీస్టార్ట్ చెయ్యడమే. ఏ పార్టూ మార్చకుండా లేచి కూర్చునే సిస్టమ్‌లు చాలానే ఉంటాయి, ఈ ఒక్క పనికి పదిహేను నిమిషాలు ఓపిక పట్టకుండా షాపుకి మోసుకెళ్తే దారిలో అదే పని జరిగిపోతుంది, షాపులో బటన్ నొక్కగానే ఆన్ అవుతుంది, ఇంటి దగ్గర అవ్వలేదండీ అని మొహం చిన్నబుచ్చుకోవాల్సి వస్తుంది.

అప్పటికీ లేవకపోతే ఎస్‌ఎంపీఎస్ బతికుందా లేదా తేల్చాలి. మల్టీమీటర్ ఉంటే ఇది రెండు నిమిషాల పని. బోర్డుకి వచ్చే పెద్ద 24 పిన్నుల కనెక్టర్ బోర్డుకే ఉంచి, ప్లగ్ పెట్టి, మీటర్‌ని డీసీ 20 ఓల్టుల దగ్గర పెట్టి, నల్ల ప్రోబ్ ఏదైనా నల్లవైరు వెనకాల గుచ్చి, ఎర్ర ప్రోబ్ ఊదారంగు వైరు వెనకాల తగిలించాలి. సిస్టమ్ ఆఫ్‌లో ఉన్నా అక్కడ 5 ఓల్టులు చూపించాలి, అటూ ఇటూ అయిదు శాతం తేడా పర్లేదు. సున్నా చూపిస్తే ఎస్‌ఎంపీఎస్ పోయిందనే చెప్పొచ్చు, కాకపోతే ఒకసారి బోర్డు నుంచి ఆ కనెక్టర్ పీకి మళ్ళీ చూడాలి, అప్పుడు 5 వస్తే బోర్డులో షార్ట్ ఉండి లాగేస్తోంది అని అర్థం. ఊదా వైరు బాగుంటే తర్వాత ఆకుపచ్చ వైరు టెస్టు. కనెక్టర్ బోర్డు నుంచి తీసేసి, ప్లగ్ ఆపి ఉన్నప్పుడు పచ్చవైరు పిన్నునీ పక్కనున్న ఏదైనా నల్లవైరు పిన్నునీ చిన్న వైరు ముక్కతో కలిపి, అప్పుడు ప్లగ్ ఆన్ చెయ్యాలి. బటన్ నొక్కితే బోర్డు చేసే పని కూడా అదే, పచ్చవైరుని గ్రౌండ్‌కి లాగడం. ఫ్యాన్ తిరిగితే పసుపు మీద 12, ఎరుపు మీద 5, నారింజ మీద 3.3 వస్తున్నాయా చూసుకోవాలి, 12 అనేది 11.4 కన్నా తగ్గకూడదు. వైర్లన్నీ నల్లగా ఉండే కొత్త మోడళ్ళలో రంగులు పనికిరావు, పిన్ నంబర్ల బొమ్మ పక్కన పెట్టుకుని చూడాలి, ఊదా 9వ పిన్ను, పచ్చ 16వ పిన్ను. ఒకటి మాత్రం గుర్తుండాలి, ఫ్యాన్ తిరిగినంత మాత్రాన ఎస్‌ఎంపీఎస్ బాగున్నట్టు కాదు, లోడ్ పడితే కూలబడేవి ఉంటాయి, అలాగే లోడ్ లేకపోతే ఫ్యాన్ తిప్పని మోడళ్ళు కూడా ఉన్నాయి కాబట్టి తిరగనంత మాత్రాన పోయినట్టూ కాదు. మీటర్ చెప్పేది నమ్మాలి.

ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పొద్దు. ఆ పెద్ద కెపాసిటర్‌లో 300 ఓల్టుల పైన చార్జి ఉంటుంది, ప్లగ్ పీకాక కూడా కొంతసేపు ఉండిపోవచ్చు, ఒక ఫ్యూజ్ మార్చుకుందామని వేలు పెడితే ప్రాణం మీదకి వస్తుంది. పైగా ఎస్‌ఎంపీఎస్‌లో ఫ్యూజ్ ఊరికే పోదు, దాని వెనకాల ఏదో షార్ట్ అయితేనే పోతుంది, ఫ్యూజ్ ఒక్కటీ మారిస్తే కొత్తది కూడా ఠప్ అంటుంది.

ఒక్క సెకను తిరిగి ఆగిపోయే రకం వేరు. ఎస్‌ఎంపీఎస్ లేచి, ఎక్కడో షార్ట్ కనిపెట్టి, మళ్ళీ పడుకుంటోంది అన్నమాట. దీనికి ఉన్న ఒకే మార్గం తగ్గించుకుంటూ రావడం. గ్రాఫిక్స్ కార్డు, హార్డ్ డిస్కులు, యూఎస్‌బీలు, ముందు ప్యానెల్ వైర్లు అన్నీ తీసేసి, బోర్డు, ప్రాసెసర్, ఒక్క ర్యామ్ స్టిక్కు మాత్రమే ఉంచి చూడాలి, ప్రతిసారీ ప్లగ్ పీకాకే చెయ్యి పెట్టాలి. క్యాబినెట్ బటన్ మీద కూడా నమ్మకం పెట్టుకోకుండా బోర్డు మీద పవర్ స్విచ్ అని రాసున్న రెండు పిన్నుల్ని స్క్రూడ్రైవర్ కొనతో ఒక్క క్షణం తాకిస్తే చాలు. అప్పుడు నిలబడితే ఒక్కోటీ తిరిగి పెడుతూ ఏది పెట్టగానే పడుకుంటోందో చూస్తే దొంగ దొరుకుతాడు. పిడుగులు పడ్డ రోజైతే ఇంకో దారి కూడా ఉంది, కరెంటు వైరు లోంచి రాకపోయినా ఇంటర్నెట్ ల్యాన్ కేబుల్ లోంచి సర్జ్, అంటే ఒక్కసారిగా ఎగిసే ఓల్టేజి, రావొచ్చు, నెట్‌వర్క్ పోర్టు ఒక్కటే కాలిపోయి మిగతా బోర్డు బతికి ఉండటం, లేదా ఆ పోర్టు చిప్పు షార్ట్ అయి బోర్డు మొత్తాన్ని కింద పడెయ్యడం రెండూ జరుగుతాయి. రూటర్ కూడా అదే రోజు చచ్చిపోయి ఉంటే అనుమానం అటే పోవాలి.

ఇక ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు ఉన్నాయి, డిస్‌ప్లే లేదు. ముందు మానిటర్ని అనుమానించాలి, అదీ అదే కరెంటు తిన్నది కదా, దాని సొంత మెనూ వస్తోందా, ఇన్‌పుట్ సరైనదే ఉందా చూసుకోవాలి. తర్వాత ర్యామ్, తీసి, బంగారు అంచుని మెత్తని రబ్బరుతో తుడిచి, పొడి దులిపి, రెండు చెవులూ టక్ అనేలా నొక్కి పెట్టాలి, రెండు స్టిక్కులుంటే ఒక్కోటీ విడిగా పెట్టి చూడాలి. ర్యామ్‌కీ కరెంటు పోవడానికీ సంబంధం ఏంటి అంటే, కాంటాక్టు మీద సన్నటి పొర పేరుకున్నా ఏళ్ళ తరబడి నడుస్తూ ఉండొచ్చు, ఒకసారి చల్లబడి మళ్ళీ మొదలయ్యేటప్పుడు తేడా బయటపడుతుంది. కొత్త బోర్డుల్లో ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్, బూట్ అని నాలుగు చిన్న ఎల్‌ఈడీలు ఉంటాయి, ఏది వెలిగి ఆరకుండా ఉండిపోయిందో అక్కడే ఆగిందని బోర్డు తనంతట తానే చెప్తుంది, పాత వాటిలో బీప్‌లు చెప్తాయి. డీడీఆర్5 ర్యామ్ ఉన్న సిస్టమ్‌లలో ఇంకో తిరకాసు ఉంది, బయోస్ (విండోస్ కన్నా ముందు బోర్డుని లేపే ప్రోగ్రామ్) సెట్టింగులు పోతే ర్యామ్‌ని మళ్ళీ మొదటి నుంచి ట్రైన్ చేసుకుంటుంది, అంటే ఏ స్పీడులో సరిగ్గా పనిచేస్తుందో పరీక్షించుకుంటుంది, అంతసేపూ స్క్రీన్ నల్లగానే ఉంటుంది, కొన్ని నిమిషాలు పట్టొచ్చు, మనం ఓపిక లేక మధ్యలో ఆపేస్తే మళ్ళీ మొదటికే వస్తుంది. ఏమీ ముట్టుకోకుండా ఓ పదిహేను నిమిషాలు వదిలేసి రావడం కూడా రిపేర్ కిందే లెక్క.

బయోస్ సెట్టింగులు ఎందుకు పోతాయి అంటే అక్కడ అసలు కథ ఉంది. బోర్డు మీద రూపాయి బిళ్ళ లాంటి బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032, 3 ఓల్టులది, గడియారాన్నీ సెట్టింగులనీ నిలబెట్టేది అదే. కానీ ప్లగ్ పెట్టి ఉన్నంత కాలం ఆ పని స్టాండ్‌బై కరెంటే చేస్తుంది, బ్యాటరీ మీద భారం పడదు. అందుకే బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయినా ప్లగ్ ఎప్పుడూ ఆపని ఇంట్లో ఎవరికీ తెలీదు, కరెంటు పోయిన రోజే తెలుస్తుంది. ఆ రోజు గడియారం ఎన్నో ఏళ్ళు వెనక్కి పోతుంది, చాలా బోర్డులు సెట్టింగులన్నీ ఫ్యాక్టరీ డిఫాల్ట్‌కి తెచ్చేసుకుంటాయి, ఎఫ్1 నొక్కి ముందుకెళ్ళు అని స్క్రీన్ మీద రాసి ఆగుతాయి. కీబోర్డు సరిగ్గా తగల్లేదంటే అక్కడే నిలబడి ఉంటుంది, చూసేవాళ్ళకి అది కూడా ఆన్ అవ్వట్లేదు కిందే లెక్క.

ఇంతవరకు అయితే పర్లేదు, ఇబ్బంది తర్వాత వస్తుంది. డిస్కుతో ఏ పద్ధతిలో మాట్లాడాలి అనే సెట్టింగు కూడా బయోస్‌లోనే ఉంటుంది, ఏహెచ్‌సీఐ, రెయిడ్, పాత వాటిలో ఐడీఈ. విండోస్ ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఏహెచ్‌సీఐ ఉండి, డిఫాల్ట్‌కి వెళ్ళాక అది రెయిడ్ అయిందనుకోండి, విండోస్ తన డిస్కు తనకే కనపడక ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్ అని నీలం స్క్రీన్ చూపించి రీస్టార్ట్ అవుతుంది, మళ్ళీ అదే, మళ్ళీ అదే. యూఈఎఫ్‌ఐ, లెగసీ అనే బూట్ పద్ధతి మారినా ఇంతే, అప్పుడు నీలం కూడా రాదు, బూట్ డివైస్ లేదు అంటుంది. విండోస్‌లో ఒక్క ఫైలు కూడా పాడవ్వలేదు, డేటా అంతా చెక్కుచెదరకుండా ఉంది, మారిందల్లా ఒక్క సెట్టింగు. ఇది తెలియనివాళ్ళు ఫార్మాట్ కొడతారు, ఫార్మాట్ కొడితే కొత్త సెట్టింగులోనే కొత్త విండోస్ ఎక్కుతుంది, హాయిగా బూట్ అవుతుంది, చూశావా విండోస్ కరప్ట్ అయిందని చెప్పానా అంటారు. తప్పు మందు వేసినా జ్వరం తగ్గింది కాబట్టి వైద్యం సరైనదే అనుకోవడం ఇది, ఏళ్ళ ఫోటోలు పోయినా ఆ నమ్మకం మాత్రం పోదు. అందుకని నీలం స్క్రీన్ కనపడగానే ముందు బయోస్‌లోకి వెళ్ళి తేదీ చూడాలి. తేదీ తప్పుంటే సెట్టింగులు పోయాయి, బ్యాటరీ మార్చి, డిస్కు మోడ్ ఇంతకుముందు ఏముందో అది పెట్టి, సేవ్ కొట్టి బయటికి రావాలి, ఏముండేదో గుర్తులేకపోతే ఉన్న రెండు మూడింటిలో ఒక్కోటీ మార్చి చూసినా నష్టం లేదు, రెయిడ్‌లో నిజంగానే రెండు మూడు డిస్కులు కలిపి పెట్టుకున్నవాళ్ళు మాత్రం ఈ ఆట ఆడకూడదు. తేదీ తప్పుతో సిస్టమ్ లేచినా బ్రౌజర్‌లో ప్రతి సైటూ సెక్యూర్ కాదు అని గోల పెడుతుంది, అదీ ఈ బ్యాటరీ పుణ్యమే.

బయోస్‌లో తేదీ బాగానే ఉంది, డిస్కు పేరే కనపడట్లేదు, అప్పుడు డిస్కు వైపు చూడాలి, కేబుల్ మార్చి, పోర్టు మార్చి. హార్డ్ డిస్కుల్లో కరెంటు పోతే తిరుగుతున్న పళ్ళెం ఊపునే కరెంటుగా వాడుకుని హెడ్‌ని పక్కకి లాక్కునే ఏర్పాటు ఉంటుంది, అందుకే ఒక్క కరెంటు పోకడకి అవి సాధారణంగా చావవు, కానీ టక్ టక్ అని లయగా కొట్టుకుంటోంది అంటే వెంటనే ఆపేయాలి, ఆ చప్పుడుతో ఇంకో పదిసార్లు ఆన్ చేసి చూస్తే రికవరీ వాళ్ళకి కూడా ఏమీ మిగలదు. ఎస్‌ఎస్‌డీల్లో తిరిగేది ఏమీ లేదు కాబట్టి అవి భద్రం అనుకుంటారు, కరెంటు విషయంలో మాత్రం అది తిరగబడుతుంది. ఏ డేటా ఏ చిప్పులో ఎక్కడుందో చెప్పే ఒక పట్టిక ఎస్‌ఎస్‌డీ లోపల ఎప్పుడూ మారుతూ ఉంటుంది, అది రాసుకునే టైమ్‌లో కరెంటు పోతే డేటా ఉన్నా చిరునామా పోతుంది. 2013లో ఓహాయో స్టేట్ యూనివర్సిటీ, హెచ్‌పీ ల్యాబ్స్ పరిశోధకులు 15 ఎస్‌ఎస్‌డీలకి కావాలని కరెంటు తీస్తూ పరీక్షిస్తే 13 వాటిల్లో ఏదో ఒక తేడా బయటపడింది, డేటా చెడిపోవడం దగ్గర నుంచి డ్రైవ్ పూర్తిగా చచ్చిపోవడం దాకా. సర్వర్లకి అమ్మే డ్రైవ్‌ల మీద వరసగా చిన్న కెపాసిటర్లు పెట్టేది అందుకే, కరెంటు పోయాక ఆ పట్టిక రాసుకునేంత ఊపిరి వాటి దగ్గర ఉంటుంది, ఇళ్ళల్లో వాడే వాటిలో ఎక్కువ భాగానికి అది ఉండదు. కనపడకుండా పోయిన ఎస్‌ఎస్‌డీకి ఒక చివరి ప్రయత్నం ఉంది, సాటా రకం, అంటే డేటాకీ పవర్‌కీ విడి కేబుళ్ళు ఉండేది, అయితే డేటా కేబుల్ తీసేసి పవర్ మాత్రమే ఇచ్చి ఓ ఇరవై ముప్పై నిమిషాలు అలా వదిలెయ్యాలి, అరనిమిషం పవర్ తీసి, మళ్ళీ ఇంకోసారి అలాగే చెయ్యాలి, ఆ తర్వాత డేటా కేబుల్ పెట్టాలి. ఎవరూ ఏమీ అడగకుండా ఖాళీగా ఉంటే కొన్ని డ్రైవ్‌లు ఆ పట్టికని తమంతట తాము మళ్ళీ కట్టుకుంటాయి. అన్నీ కట్టుకోవు, కానీ ఖర్చులేని పని.

డిస్కు కనపడుతోంది, విండోస్ గిర్రున చుక్కలు తిప్పుతూ లోపలికి పోవట్లేదు అంటే ఇక సాఫ్ట్‌వేర్ వంతు. 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చిన ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ ఏ మార్పు చేసేముందైనా ఒక చిట్టాలో రాసుకుని చేస్తుంది, మధ్యలో కరెంటు పోతే తర్వాతి బూట్‌లో ఆ చిట్టా చూసి సగంలో ఉన్న పనిని పూర్తి చెయ్యడమో వెనక్కి తియ్యడమో చేస్తుంది. అయితే ఆ చిట్టా ఫైళ్ళ పేర్లు, సైజులు, చోట్ల గురించే గానీ ఫైలు లోపలి సరుకు గురించి కాదు. అందుకే కరెంటు పోయినప్పుడు తెరిచున్న టెక్స్ట్ ఫైలు తర్వాత చూస్తే పేరు సరిగ్గా ఉంటుంది, సైజు సరిగ్గా ఉంటుంది, తెరిస్తే లోపల అంతా ఖాళీ, నిజానికి సున్నాలు. అదే ఒక విండోస్ ఫైలుకో, విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీకో జరిగితే బూట్ అవ్వదు, అప్‌డేట్ నడుస్తుండగా పోతే ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

వరసగా రెండుసార్లు బూట్ ఫెయిల్ అయితే విండోస్ తనే రికవరీ స్క్రీన్‌లోకి వెళ్తుంది, అక్కడ స్టార్టప్ రిపేర్ ఒకటి రెండుసార్లు చెయ్యనివ్వాలి, కాకపోతే అప్‌డేట్ మధ్యలో పోయుంటే చివరి అప్‌డేట్ తీసెయ్యమనే ఆప్షన్, తర్వాత సిస్టమ్ రీస్టోర్. అప్పటికీ కాకపోతే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి డిస్కులోని ఫైల్ సిస్టమ్‌ని సరిచేసే చెక్‌డిస్క్, విండోస్ ఫైళ్ళని సరిచేసే ఎస్‌ఎఫ్‌సీ నడపొచ్చు, ఇక్కడ ఎక్కువమంది బోల్తా పడేది డ్రైవ్ అక్షరం దగ్గర, రికవరీలో ఉన్నప్పుడు మామూలు సీ డ్రైవ్ డీగా కనపడొచ్చు, డైరెక్టరీ చూసి విండోస్ ఫోల్డర్ ఎందులో ఉందో చూసుకున్నాకే కమాండ్ కొట్టాలి. చెక్‌డిస్క్ గురించి ఒక హెచ్చరిక, డిస్కు హార్డ్‌వేర్‌గానే చస్తోందని అనుమానం ఉంటే, అంటే మరీ స్లో అయిపోయి చప్పుళ్ళు వస్తుంటే, చెక్‌డిస్క్ నడపకూడదు, అది ఫైళ్ళని కాపాడటానికి పుట్టలేదు, ఫైల్ సిస్టమ్‌ని పొందికగా చెయ్యడానికి పుట్టింది, దానికోసం ఫైళ్ళని కోసి పారేస్తుంది కూడా. ముందు లైనక్స్ అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించిన పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి కావలసినవి వేరే డిస్కులోకి కాపీ చేసుకోవాలి. ఈ దారిలో డిస్కుకి తాళం వేసే విండోస్ ఏర్పాటు బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు, బయోస్ సెట్టింగులు మారితే అది దొంగ అనుకుని తలుపు మూసేస్తుంది, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన సిస్టమ్ అయితే ఆ కీ చాలాసార్లు అకౌంట్‌లోనే దొరుకుతుంది, ఫోన్‌లో చూసుకోవచ్చు. లైనక్స్ వాడేవాళ్ళకి ఇంత తంతు ఉండదు, ఇనిట్ ర్యామ్ ఎఫ్‌ఎస్ అని ప్రాంప్ట్ దగ్గర ఆగితే అక్కడే పైన ఏ పార్టిషన్ పేరు చెప్పిందో దానిమీద ఫైల్ సిస్టమ్‌ని సరిచేసే ఎఫ్‌ఎస్‌సీకే కమాండ్ నడిపితే ఎక్కువసార్లు తేలిపోతుంది.

బయోస్ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోవడం అన్నిటికన్నా దరిద్రం, అయినా రెండో బయోస్ చిప్పు ఉన్న బోర్డులు, ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్ నుంచి బయోస్ ఎక్కించే బటన్ ఉన్న బోర్డులు ఉన్నాయి, అవేవీ లేకపోతే చిప్పుని బయటి ప్రోగ్రామర్‌తో రాయించాలి. ల్యాప్‌టాప్‌లకి బ్యాటరీయే కాపలా కాబట్టి బ్యాటరీ బాగుంటే కరెంటు పోయినా వాటికి సాధారణంగా ఏమీ కాదు, దెబ్బ తింటే తినేది ఎక్కువగా అడాప్టర్, దాని లైటు చూసి, లైటు ఉన్నా లేవకపోతే చార్జర్ పీకి బటన్ అరనిమిషం పట్టుకోవడమే.

యూపీఎస్ ఉండి కూడా కరెంటు పోయినప్పుడల్లా సిస్టమ్ రీస్టార్ట్ అవుతోంది అనేవాళ్ళు ఉంటారు, వాళ్ళు బ్యాటరీ మార్చుకుంటారు, అయినా అదే తంతు. మామూలు యూపీఎస్ కరెంటు పోయాక బ్యాటరీ మీదకి మారడానికి కొన్ని మిల్లీసెకన్లు తీసుకుంటుంది, ఎక్కువగా పది లోపే, ఆ ఖాళీని ఎస్‌ఎంపీఎస్ తన 16 మిల్లీసెకన్లతో పూడ్చాలి. ఎస్‌ఎంపీఎస్‌లో పెద్ద కెపాసిటర్ ముసలిదై ఆ 16 కాస్తా నాలుగో అయిదో అయిపోతే కొత్త యూపీఎస్ పెట్టినా ఆగదు. తేల్చడం తేలిక, యూపీఎస్‌కి కంప్యూటర్ బదులు ఒక టేబుల్ ల్యాంపు పెట్టి గోడ ప్లగ్ పీకాలి. ల్యాంపు కూడా ఆరిపోతే యూపీఎస్ లోపల తేడా, ల్యాంపు ఒక్కసారి కన్నుకొట్టి వెలుగుతూ ఉంటే అనుమానం ఎక్కువగా ఎస్‌ఎంపీఎస్ మీదకే పోవాలి.